ప్రసంగం చేయడం రాదు, టైమూ లేదు. కొత్త విశ్వాసులను ఎలా నడిపించాలి?

ప్రశ్న: "వందనాలు ఆంటీ. నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగిని. ఇద్దరు చిన్నపిల్లలు. ఈమధ్య బాప్తిస్మం తీసుకున్న ఇద్దరిని మా పాస్టరమ్మ గారు నాకు అప్పగించి, వీళ్లను ఆత్మీయంగా పెంచు అన్నారు. ఒకమ్మాయి నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. ఇంకొకామెకు పెళ్లై ఏడాది, అత్తగారి వైపు ఎవరూ విశ్వాసులు కారు. శనివారం సాయంత్రం బైబిలు క్లాసు మొదలుపెట్టాను. మూడో వారానికే ముగ్గురం ఆవులిస్తున్నాం. నావల్ల కాదని చెప్పేయనా? అసలు ఎంతకాలం చేయాలి ఇది?"

జవాబు:

చెప్పేయకమ్మా. ఆపాలనుకుంటే ఆ శనివారం క్లాసు ఆపు, అది కూడా ఇప్పుడున్న పద్ధతిలో. మనుషులను మాత్రం వదలకు.

నేను ఒంగోలులో మా ఆయనతో కలిసి చాలా ఏళ్లు కిరాణా షాపు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. స్త్రీల సమాజంలో ఉండటం వల్ల నీలాగే నాకూ అమ్మాయిలను అప్పగిస్తూ వచ్చారు. నేను కూడా ప్రసంగం చేసే మనిషిని కాను. మైకు చేతికిస్తే రెండు ముక్కల సాక్ష్యం చెప్పి కూర్చుంటాను. అయినా ఆ అమ్మాయిల్లో చాలామంది ఈరోజు వాళ్ల వాళ్ల సంఘాల్లో గట్టిగా నిలబడి ఉన్నారు.

మనవాళ్లకు కొత్త విశ్వాసి అనగానే క్లాసు, నోట్‌బుక్కు, కంఠత వాక్యాలు గుర్తొస్తాయి. అవి చెడ్డవని కాదు. కానీ ఆ పిల్లలు మనల్ని ఎప్పుడు చూస్తున్నారు? ఆదివారం, ఇస్త్రీ చీర కట్టుకుని, పాటల పుస్తకం చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు. ఆదివారం అందరం బాగానే ఉంటాం. సోమవారం పొద్దున గ్యాస్ అయిపోయి, బయట స్కూల్ ఆటో హారన్ కొడుతుంటే విశ్వాసి నోట ఏ మాట వస్తుందో వాళ్లకు ఎవరు చూపిస్తారు? ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడెప్పుడు చెప్పాలో ఉంది చూడు: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. మార్కు 3:14లో యేసు పన్నెండుమందిని ఎందుకు పెట్టుకున్నాడో చెబుతూ ముందుగా వచ్చే మాట "తనతో కూడ ఉండునట్లు". ప్రకటించడానికి పంపడం ఆ తర్వాత.

మా దగ్గరకు వచ్చినవాళ్లలో ఒకమ్మాయి కూడా నర్సింగ్ విద్యార్థే, అందుకని ఆమె సంగతి చెబుతాను. హాస్టల్లో తిండి బాగుండటం లేదని సాయంత్రాలు వచ్చేది. నేను వాక్యం తీసేదాన్ని కాదు. షాపులో నా పక్కన స్టూలేసి కూర్చోబెట్టేదాన్ని. పప్పులు పొట్లాలు కట్టేది, ఎక్స్‌పైరీ అయిన బిస్కెట్ ప్యాకెట్లు ఏరి పక్కన పెట్టేది, అరువు ఖాతా పుస్తకంలో కూడికలు చూసేది. ఒకరోజు హోల్‌సేల్ వాళ్ల ఆటో సరుకు దించి వెళ్లాక లెక్క చూస్తే బిల్లులో లేని నూనె ప్యాకెట్ల పెట్టె ఒకటి ఎక్కువ వచ్చింది. మా ఆయన వెంటనే ఫోన్ చేశాడు. అవతలివాళ్లు హడావిడిలో ఉండి, తర్వాత చూద్దాంలే అని పెట్టేశారు. ఆయన ఆ పెట్టె మీద స్కెచ్ పెన్నుతో "మనది కాదు" అని రాసి మూలన పెట్టాడు. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. పండగ ముందు కదా, మా నూనె అయిపోయింది. నూనె అడిగినవాళ్లను వెనక్కి పంపాం గానీ దాన్ని ముట్టలేదు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చింతపండు పిక్కలు తీస్తూ నెమ్మదిగా అడిగింది: "ఆంటీ, మా వార్డులో మేం అందరికీ బీపీ చూడం. టైము చాలదు. చార్టులో నూట ఇరవై బై ఎనభై అని వేసేస్తాం. అది కూడా పాపమేనా?"

ఎంతకాలం క్లాసు చెబితే ఆ ప్రశ్న వస్తుంది? బోధకులు అబద్ధం గురించి చెప్పేటప్పుడు బీపీ చార్టు మాట ఎత్తరు, వాళ్లకు తెలియదు కాబట్టి. నేనూ ఎత్తేదాన్ని కాదు. నేనేమీ ఉపదేశం చేయలేదు. "ఆ మంచం మీద మీ అమ్మ ఉంటే?" అని మాత్రం అడిగాను. తర్వాత ఆమె నిజంగా కఫ్ కట్టి చూడటం మొదలుపెట్టింది. డ్యూటీ అయ్యేసరికి ఆలస్యమయ్యేది, సీనియర్లు ఎగతాళి చేసేవాళ్లు. రాత్రి ఫోన్ చేసి ఏడ్చేది. అప్పుడు ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. దానియేలు గ్రంథం చదువుదామని కూడా ఆమే అడిగింది. పనిచేసే చోట ఒంటరివాడైన మనిషి కథ అప్పుడు ఆమెకు కావాల్సి వచ్చింది.

నీకు షాపు లేదు, బ్యాంకు ఉంది. ఆ అమ్మాయి నీ కౌంటరు పక్కన కూర్చోలేదు, నిజమే. కానీ నీకు ఆదివారం మధ్యాహ్నం రైతుబజారు ఉంది, పిల్లల హోంవర్కు ఉంది, మంచాన పడ్డ బంధువులను చూడటానికి ఆసుపత్రికి వెళ్లడం ఉంది, రాత్రి ఉతికిన బట్టలు మడతపెట్టడం ఉంది. వీటిలో ఏదీ కొత్తగా పెట్టుకునే పని కాదు, ఎలాగూ చేసేదే. ఆ అమ్మాయిని వెంట పెట్టుకుని చేయి. ఆమె వస్తోందని ఇల్లు సర్దకు, బిర్యానీ చేయకు. చారు, వంకాయ కూర ఉంటే అదే పెట్టు. మర్యాదలు మొదలెడితే ఆమె చుట్టమవుతుంది, నీకేమో ప్రతి వారం టెన్షన్.

నువ్వు నీ భర్తతో గొంతు పెంచి మాట్లాడటం కూడా ఆమె చూస్తుంది. చూడనీ. తర్వాత ఎవరు ముందు తగ్గారో, ఎలా సర్దుకున్నారో కూడా చూస్తుంది కదా. పెళ్లి కావాల్సిన పిల్లకు అది చాలా పెద్ద చదువు.

బైబిల్లో రూతు అత్తగారు నయోమిని చూడు. అప్పటికి నయోమి దగ్గర ఏముంది? భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. బేత్లెహేముకు తిరిగొచ్చి, నన్ను నయోమి అనకండి, మారా (అంటే చేదు) అనండి, దేవుడు నాకు చాలా దుఃఖం కలిగించాడు అంటుంది. సాక్ష్యం చెప్పమని అలాంటావిడను మనం వేదిక ఎక్కించం. అయినా మోయాబు దేశపు కోడలు రూతు "నీ జనమే నా జనము నీ దేవుడే నా దేవుడు" అని ఆమె వెంటే వచ్చేసింది. కష్టంలో కూడా ఆమె దేవుణ్ణి వదలకపోవడం ఆ కోడలు ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉండి చూసింది. నీ ఇంట్లో ఇప్పుడు బాగోలేని సంగతేదైనా ఉంటే దాన్ని వాళ్ల దగ్గర దాచి నవ్వుతూ తిరగాల్సిన పని లేదని నీకు చెప్పడానికే ఇది ఎత్తాను.

అయితే ఇక్కడ కొందరు ఒక మాట అంటారు: "నేను నోరు తెరవను, నా బ్రతుకే చెబుతుంది." అది చాలదు. మా ఆయన పెట్టె పక్కన పెట్టడం ఒక హిందూ కోమటాయనో, ఒక ముస్లిం వ్యాపారో కూడా చేసేదే. మా బజారులో అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర మేం నేర్చుకున్నాం కూడా. మేం దేవుని ఎదుట ఏ నమ్మకంతో అలా చేశామో ఆ పిల్లకు తెలియాలంటే నోటితో చెప్పాలి. రెండు వాక్యాలు చాలు, ఆ పని చేతిలో ఉన్నప్పుడే చెప్పాలి.

మన ప్రాంతం సంగతే తీసుకో. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. ఆయనా ఆయన భార్యా 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన బేరాలకు తిరిగిన పల్లెల్లోనే, చెప్పులు కుట్టుకునే తనవాళ్ల మధ్యనే సువార్త చెప్పాడు. వాళ్లకు ఆయన కొత్తవాడు కాదు, తూకంలో, మాటలో ఎలాంటివాడో ముందే తెలుసు. తర్వాత 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. మన బోధకులు అక్కడ కూలీల మధ్యే ఉంటూ, పని ఆగినప్పుడు వాక్యం చెప్పేవాళ్లు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన సంఘాల్లో పిల్లలు కూడా చెబుతారు. ఆ అంకె చెప్పినంత గర్వంగా, ఆ మర్నాటి నుంచి వాళ్లను పల్లెపల్లెకూ వెళ్లి ఎవరు కనిపెట్టుకున్నారో మాత్రం చెప్పరు. అసలు కష్టం వాళ్లది.

ఆ కాలువ రోజుల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కరువు సాయం నడిచినంతకాలం క్లౌ గారు బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ రాకూడదని. నువ్వూ అంతే, ఆ ఇద్దరి విషయంలో డబ్బు కలపకు. ఫీజుకు ఇబ్బంది అయితే సంఘంలో పెద్దలకు చెప్పి అటునుంచి ఇప్పించు. నువ్వు చేబదులు ఇచ్చావంటే ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నీ ముందు నిజం చెప్పడానికి జంకుతుంది. బ్యాంకులో ఉన్నావు కాబట్టి లోను సంతకాలు, జామీను అడిగేవాళ్లు కూడా వస్తారు. నవ్వుతూ కాదనెయ్యి.

ఇక బైబిలు. క్లాసు ఆపమన్నాను గానీ చదవడం ఆపమనలేదు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే, నడక కూడా వేగంగా ఉంటుంది, దానితో మొదలుపెట్టు. ముగ్గురూ ఎవరింట్లో వాళ్లు వారమంతా ఒకే అధ్యాయం చదవండి. కలిసినప్పుడు పావుగంట మాట్లాడుకోండి. నీకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి పాస్టరు గారిని అడుగు. పాత అనువాదం భాష నర్సింగ్ పిల్లకు కష్టంగా ఉంటే వాడుక భాషలో ఉన్నది ఇప్పించు. నేను పెరిగింది పాత దానితోనే, కీర్తనలు అందులోనే నోటికొచ్చు, అయినా కొత్తవాళ్లను దానితో సతాయించను. పాటలు కూడా నేర్పు. వంట చేస్తూ పాడుకునే కీర్తన ఒకటి వస్తే ప్రసంగాలు మర్చిపోయినా అది ఉండిపోతుంది.

పెళ్లైన అమ్మాయి విషయం వేరు, అక్కడ చాలా జాగ్రత్తగా అడుగు వేయాలి.

ఆమెను నీ వెంట తిప్పుకోవడం కుదరదు, కుదిరినా వద్దు. కొత్త కోడలు వారానికి రెండుసార్లు చర్చివాళ్ల ఇంటికి వెళ్తోందంటే అత్తగారికి ఏమనిపిస్తుంది? నువ్వే వాళ్లింటికి వెళ్లు. ముందు అత్తగారితో కూర్చుని మాట్లాడు, ఆమె మోకాళ్ల నొప్పుల గురించి అడుగు, ఆమె ఇచ్చిన కాఫీ తాగు. దొంగచాటుగా కోడలితో గదిలో ప్రార్థన పెట్టకు. ఆ ఇంట్లో నీకు మంచి పేరుంటే ఆ పిల్లకు సగం భారం తగ్గుతుంది.

బొట్టు తీసేయాలా, తాళి ఉంచుకోవాలా, ప్రసాదం తినాలా అని అడుగుతుంది. అందరూ మొదట అడిగేది ఇదే. దీనిమీద మన సంఘాల్లోనే ఒక్కో చోట ఒక్కో మాట ఉంది. నా అభిప్రాయం చెబుతాను: మొదటి ఏడాదే అత్తింటివాళ్లతో వీటిమీద యుద్ధం పెట్టించే సలహాదారుకు ఆ ఇంట్లో రాత్రి పడే మాటలు వినిపించవు. విగ్రహాలకు మొక్కను అని ఆమె నెమ్మదిగా, గౌరవంగా చెప్పడం ఒకటి. పండగ రోజు పిండివంటలకు చేయి సాయం కూడా చేయకుండా తలుపేసుకోవడం ఇంకొకటి. మొదటిది విశ్వాసం, రెండోది పొగరు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, వాక్యానికి లోబడని భర్తలు మాట లేకుండానే భార్యల నడవడిని చూసి రాబట్టబడవచ్చు అని ఉంది. ఆమెకు ప్రస్తుతం ఆ ఒక్క భాగం చాలు.

అయితే ఆ వచనాన్ని పట్టుకుని తన్నులు తినే ఆడపిల్లకు "ఓర్చుకో" అని మాత్రం ఎప్పుడూ చెప్పకు. చేయి చేసుకుంటున్నారని తెలిస్తే పుట్టింటివాళ్లకు, సంఘ పెద్దలకు చెప్పాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమె ఫోన్లో ఉండాలి. అలాగే నర్సింగ్ అమ్మాయి రోజుల తరబడి నిద్రపోక, తిండి తినక ఉంటే ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లే ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు.

ఇంకో చిక్కు కూడా నీ దాకా వస్తుంది, మనవాళ్లు దీన్ని పైకి మాట్లాడరు. కుల సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీ సర్టిఫికెట్‌తో సీటు, స్కాలర్‌షిప్పు వచ్చిన పిల్ల బాప్తిస్మం తర్వాత నీ దగ్గరకొచ్చి, నేను అబద్ధంలో ఉన్నానా అక్కా అని అడిగితే ఏం చెబుతావు? ఆ చట్టం న్యాయమైనదని నేననుకోవడం లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో మనిషిని చూసే చూపు మారదు. కానీ చట్టం ఉన్నది ఉన్నట్టు ఆమెకు తెలియాలి. సంఘంలో మంచి వకీలు ఉంటే ఆయన దగ్గర కూర్చోబెట్టు. ఆమె తరఫున నువ్వు నిర్ణయం తీసుకోకు, తొందరపెట్టకు, పోయేది నీ సీటు కాదు. ఆమె తిరిగి "మరి మీ ఉద్యోగం ఏ కోటాలో వచ్చింది అక్కా?" అని అడిగితే నిజం చెప్పడానికి మాత్రం సిద్ధంగా ఉండు.

కులం అనే మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఆ ఇద్దరూ వేర్వేరు కులాలవాళ్లయితే ఒకే కంచంలో కాకపోయినా ఒకే చాప మీద కూర్చుని తినాలి. నువ్వే వడ్డించి, నువ్వూ వాళ్ల మధ్యే కూర్చో. సమానత్వం మీద పాఠం అక్కర్లేదు.

వాళ్లు చెప్పుకున్న సంగతులు నీ దగ్గరే ఉండాలి. "ప్రార్థన చేయండి" అంటూ వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పెట్టేసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. అది ప్రార్థన ముసుగేసుకున్న చాడీ. వాళ్లలో తప్పు కనిపిస్తే నలుగురిలో దిద్దకు. అపొస్తలుల కార్యాల్లో అపొల్లో అనే బోధకుడు, అంతటి వాగ్ధాటి ఉన్నవాడికి దేవుని మార్గం పూర్తిగా తెలియదని గ్రహించి, గుడారాలు కుట్టుకునే అకుల ప్రిస్కిల్ల దంపతులు అతణ్ణి సమాజమందిరంలో నిలబెట్టి అడగలేదు, తమ దగ్గర చేర్చుకుని విడమరిచి చెప్పారు. మగపిల్లలను ఎవరైనా నీకు అప్పగిస్తే మీ ఆయనకు అప్పగించు.

ఎంతకాలం అని అడిగావు. పక్కా లెక్క లేదు గానీ, చిహ్నం ఒకటి చెబుతాను. ఆ అమ్మాయి ఇంకొకరిని వెంటేసుకుని తిరగడం మొదలుపెట్టినప్పుడు నీ పని చాలావరకు అయినట్టే. మన దేశస్థుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు, దోర్నకల్ అజరయ్య గారు, బాప్తిస్మం తీసుకున్నవాళ్లచేత తమ తల మీద తామే చేయి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినదాన్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారట. చదువురాని పల్లెటూరి కూలీ చేత కూడా. ఆయన వాళ్లు పెద్దయ్యేదాకా ఆగలేదు. నువ్వు కూడా ఆగకు. హాస్టల్లో ఆమె పక్క మంచం అమ్మాయికి జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చి ప్రార్థన చేయమను. అది ఈ నెలలోనే చేయగలదు.

నీ మీద వాళ్లకు ప్రేమ కలుగుతుంది, నీకూ వాళ్లంటే మమకారం పెరుగుతుంది. అక్కడే కొందరు దారి తప్పి, ఏ చీర కొనాలో, ఏ సంబంధం ఒప్పుకోవాలో కూడా తమనడిగే చేయాలంటారు. "ఆత్మీయ తల్లి" అని పిలిపించుకోవడం తియ్యగానే ఉంటుంది. నన్ను మాత్రం ఆంటీ అనే పిలవమంటాను. నర్సింగ్ అయ్యాక ఆ పిల్ల హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్తుంది, అక్కడ ఇంకో సంఘంలో చేరుతుంది. సంతోషంగా పంపించు, అక్కడి పాస్టరు గారికి ఒక మాట చెప్పి పంపించు.

మార్చి నెలాఖరు వస్తే బ్యాంకువాళ్లకు ఊపిరాడదని తెలుసు. ఆ రోజుల్లో కలవలేనని ముందే చెప్పెయ్యి. రాత్రి ఎప్పుడో ఇంటికొచ్చి అలసిపోయి ఉన్నప్పుడు, ఈ వారం నా కోసం ప్రార్థన చేయండమ్మా అని వాళ్లిద్దరికీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టు.